వీరగల్లు: పెద్దతిప్పసముద్రం సీమలో సామాన్య సైనికుడి చరిత్ర

యుద్ధంలోనో, ఊరి పసులమందను కాపాడుకునే పోరులోనో దెబ్బతిని ప్రాణం విడిచిన మనిషి పేరున నాటిన రాయిని వీరగల్లు అంటారు. తమిళనాట దీన్నే నడుకల్ అంటారు. దక్షిణాదిన వెయ్యేళ్ళకు పైగా సాగిన ఈ ఆచారం తెలుగు నేలమీద బలంగా వేరూనిన చోట్లలో పాత చిత్తూరు జిల్లా పడమటి భాగం ఒకటి. పెద్దతిప్పసముద్రం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఊళ్ళ చెరువుకట్టల మీద, పొలాల గట్ల మీద, పాత గుడుల ముంగిళ్ళలో ఇలాంటి రాళ్ళు కనిపిస్తాయి.

రాజులు వేయించిన శాసనాల్లో వంశావళి ఉంటుంది, బిరుదులు ఉంటాయి, గెలిచిన యుద్ధాల జాబితా ఉంటుంది. ఆ యుద్ధాలు చేసిన మనిషి వాటిలో కనిపించడు. అతని పేరు, అతని తండ్రి పేరు, ఎవరి పక్షాన ఎక్కడ పోరాడి పడ్డాడన్న సంగతి చెప్పేవి వీరగల్లులే. ఈ సీమలో సామాన్య సైనికుడి చరిత్ర రాయాలంటే మొదట చదవవలసినవి ఇవి.

సరిహద్దు నేల

పెద్దతిప్పసముద్రం ఆంధ్ర, కర్ణాటక సరిహద్దున ఉంది. పడమటికి పోతే బాగేపల్లి, చింతామణి వైపు ఊళ్ళు వస్తాయి. దగ్గరలోనే హార్స్‌లీ కొండ ఉంది. దక్షిణాన చివరికి కుప్పం చేరితే అక్కడ ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు మూడూ కలుస్తాయి. మదనపల్లె తాలూకా 1911 వరకు కడప జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. పుంగనూరు అంతకుముందు ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జమీందారీ. పాలకులు ఎన్నిసార్లు గీతలు మార్చినా ఈ నేల ఎప్పుడూ ఏదో ఒక రాజ్యానికి అంచుగానే ఉంది.

ఎనిమిదో శతాబ్దం నుంచి పదో శతాబ్దం దాకా ఈ అంచు మీద నాలుగు వంశాలు తలపడ్డాయి. మహాబలి సంతతివారమని చెప్పుకున్న బాణులు తూర్పు, దక్షిణ భాగాలను ఏలారు. వైదుంబులు మదనపల్లె దగ్గరి చిప్పిలి రాజధానిగా, రేనాడు ఏడువేల నాడుకు ప్రభువులమని చెప్పుకుంటూ పాలించారు. నొళంబుల రాజధాని హెంజేరు, అంటే ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని హేమావతి. పడమట కోలారు వైపు గంగరాజుల అధికారం ఉండేది. ఈ నలుగురి వెనక రాష్ట్రకూటులు, పల్లవులు, తర్వాత చోళులు నిలబడ్డారు. పెద్ద రాజ్యాలు తమ పోటీని చాలావరకు ఈ చిన్న రాజుల చేత నడిపించాయి. పోరు మాత్రం ఈ ఊళ్ళ మధ్యనే జరిగింది.

తొమ్మిదో శతాబ్దంలో వైదుంబ రాజు గండత్రినేత్రుని కాలపు శాసనాల్లో సోరెమడి అనే చోట జరిగిన యుద్ధం ప్రస్తావన వస్తుంది. అందులో వైదుంబులు బాణుల పక్షాన నిలబడి నొళంబులతోనూ, గంగరాజు రాచమల్లునితోనూ తలపడ్డారు. దాదాపు అదే శతాబ్దం చివర్లో నొళంబరాజు మహేంద్రుడు బాణుల బలాన్ని దెబ్బతీసి, మహాబలి కులాన్ని ధ్వంసం చేసినవాడినని బిరుదు పెట్టుకున్నాడు. పదో శతాబ్దం మొదట్లో చోళరాజు మొదటి పరాంతకుడు ఉత్తరానికి వచ్చి ఇద్దరు బాణరాజులను పెకలించాడు, వైదుంబుణ్ణి ఓడించాడు. ఈ సంగతి ఉదయేందిరం తామ్రశాసనాల్లో ఉంది. ఇలా వందేళ్ళకు పైగా ఒక తరం పోరు ముగియకముందే మరో తరం పోరు మొదలైంది. వీరగల్లులు ఈ కాలంలోనే ఎక్కువగా లేచాయి.

పసులమంద, ఊరి పోరు

ఆ కాలపు యుద్ధమంటే రెండు పెద్ద సేనలు మైదానంలో ఎదురెదురుగా నిలబడడమే అనుకోకూడదు. చాలా పోరాటాలు పసులను తోలుకుపోవడంతో మొదలయ్యేవి. వాన తక్కువ, రాతినేల ఎక్కువ ఉన్న ఈ సీమలో చెరువు కింది కొద్దిపాటి మాగాణి తప్పితే రైతు ఆస్తి అంతా మందలోనే ఉండేది. పొట్టిజాతి ఆవులకు పుంగనూరు ఇప్పటికీ పేరు మోసింది. శత్రువు మందను మళ్ళిస్తే ఊరికి పాడి పోతుంది, దున్నే ఎద్దులు పోతాయి, మరుసటి కారుకు సేద్యం ఆగిపోతుంది. అందుకే మందను మళ్ళించడం యుద్ధం ప్రకటించడంతో సమానం. విరాటపర్వంలోని ఉత్తర గోగ్రహణం తెలుగువాళ్ళకు బాగా తెలిసిన కథ. అలాంటి గోగ్రహణాలు ఈ సీమలో కథలుగా కాక ఊరి అనుభవంగా జరిగాయి.

కుప్పానికి తూర్పున ఉన్న ఆంబూరులో పల్లవరాజు నృపతుంగుని 26వ పాలనా సంవత్సరం నాటి రెండు వీరశిలలున్నాయి. నొళంబుల సేన పసుల కోసం ఆ ఊరి మీదికి వచ్చినప్పుడు ఎదురునిలిచి పడిన ఇద్దరి జ్ఞాపకంగా వాటిని నిలబెట్టారు. వాటి మీద రాత తమిళంలో ఉంది. మదనపల్లె వైపు వైదుంబుల కాలపు రాత తెలుగులో ఉంటుంది. కోలారు వైపు కన్నడం కనిపిస్తుంది. భాష మారినా చెప్పే సంగతి, చెప్పే తీరు ఒకటే. ఎవరి రాజ్యం నడుస్తున్నప్పుడు, ఏ ఊరి మీదికి ఎవరు వచ్చినప్పుడు, ఎవరి కొడుకు ఎవరు ఎదిరించి పొడిచి పడ్డాడన్నంతవరకే అందులో ఉంటుంది. తెలుగును శాసనాలకెక్కించింది రేనాటి చోళులు. సుమారు 575 నాటి కలమళ్ళ శాసనం వాళ్ళదే. ఆ తర్వాత మూడు శతాబ్దాలకు అదే భాష రాజు దానాలతోపాటు పల్లెటూరి పోరుగాడి చావును కూడా నమోదు చేసింది.

శిల మీది మనిషి

ఈ ప్రాంతపు తొలినాటి వీరగల్లు చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. ఊరి పక్క గుట్ట నుంచి చీల్చి తెచ్చిన బండ. దాని ముఖాన్ని ఒక పాటి చదునుచేసి, తక్కువ లోతులో మనిషి బొమ్మను చెక్కుతారు. జుట్టు పైకెత్తి కట్టిన సిగ, మోకాళ్ళ పైకి బిగించిన గుడ్డ, నడుముకు చిన్న కత్తి. ఒక చేతిలో విల్లో డాలో ఉంటుంది, రెండో చెయ్యి కత్తి ఎత్తి ఉంటుంది. ఒక కాలు ముందుకు వేసి, మోకాలు వంచి, ఇంకా కదులుతున్న మనిషిలా కనిపిస్తాడు. పసుల పోరులో పడినవాడైతే ఒక మూలన ఒకటి రెండు ఆవుల బొమ్మలుంటాయి. అక్షరాలు తల చుట్టూ, భుజాల పక్కన, ఖాళీ దొరికిన చోటల్లా సాగుతాయి.

కొన్ని రాళ్ళ మీద శిల్పి గాయాన్ని కూడా చెక్కాడు. వీరుడి రొమ్ములోనో, తొడలోనో దిగిన బాణాలు గీతలుగా కనిపిస్తాయి. మనిషి మాత్రం వెనక్కి తిరగడు. బాణం ఒంట్లో ఉండగానే కత్తి ఎత్తి ముందుకే చూస్తుంటాడు. దెబ్బ తగలడానికీ ప్రాణం పోవడానికీ మధ్య ఉన్న ఆ కొద్ది క్షణాల్లో అతను ఏంచేశాడన్నదాన్నే శిల్పి చూపించాడు. గౌరవం గెలుపుకు కాదు, ఆ క్షణాల్లో నిలబడ్డందుకే దక్కింది. ఓడిన పక్షంలో పడినవాళ్ళకు కూడా రాళ్ళు నాటడం ఇందుకు సాక్ష్యం.

తర్వాతి కాలంలో రాయి పెద్దదై అంతస్తులుగా విడిపోయింది. కింది భాగంలో పోరు, నడిమి భాగంలో వీరుణ్ణి ఇరువైపులా పట్టుకుని పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పై భాగంలో శివలింగం ముందు కూర్చున్న వీరుడు. ఈ మూడంతస్తుల రాయి కన్నడదేశంలో బాగా పెరిగి తెలుగు నేలలోనూ వ్యాపించింది. పోరులో పడినవాడు నేరుగా శివసన్నిధికి చేరతాడన్న నమ్మకాన్ని చదువురానివాడికి కూడా అది ఒక్క చూపులో చెబుతుంది.

బేగూరు శిల చెప్పే యుద్ధం

ఆ కాలపు సైనికుడి చావును అన్నిటికన్నా వివరంగా చూపే రాయి ఈ సీమకు పడమట, బెంగళూరు పక్కన ఉన్న బేగూరులో దొరికింది. ఇప్పుడది బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. గంగరాజు ఎరెయప్ప పంపగా నాగత్తరుడనే నాయకుడు అయ్యపదేవునికి సాయంగా సేనతో వెళ్ళాడు. ఎదుటి పక్షం వీరమహేంద్రుడిది. తుంబెపాడి దగ్గర పోరులో నాగత్తరుడు ఏనుగును ఎదుర్కొని పడ్డాడు. ఆ శిల మీద ఏనుగులు, గుర్రాలు, డాళ్ళు పట్టిన బంట్లు, కిందపడిన శవాలు కిక్కిరిసి కనిపిస్తాయి. ఆ యుగంలో యుద్ధం ఎంత దగ్గరగా, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేటంతగా జరిగేదో ఆ చెక్కడం చూస్తే తెలుస్తుంది.

శాసనం యుద్ధంతో ఆగలేదు. చావు కబురు విన్న ఎరెయప్ప ఇరుగుడనే వాడికి నాగత్తరుని పట్టం కట్టి, బేగూరుతో కలిపి పన్నెండు ఊళ్ళ మీద హక్కు ఇచ్చాడు. ఆ ఊళ్ళ పేర్లన్నీ శిల మీద ఉన్నాయి. పోయినవాడి స్థానం ఖాళీగా ఉండకూడదు, అతని పదవి అంతరించిపోకూడదు అన్నది అప్పటి నియమం.

రాజుకూ బంటుకూ మధ్య ఉన్న ఈ బంధం మరో రాయి మీదా కనిపిస్తుంది. 949లో తక్కోలం దగ్గర రాష్ట్రకూట, చోళ సేనలు తలపడ్డాయి. రాష్ట్రకూటరాజు మూడో కృష్ణుని పక్షాన పోరాడిన గంగరాజు బూతుగుని చేతిలో చోళ యువరాజు రాజాదిత్యుడు ఏనుగు మీదనే చనిపోయాడు. ఆ యుద్ధంలో మెప్పు పొందిన మణలేరుడనే బంటును ఏం కావాలో కోరుకొమ్మంటే రాజుగారి వేటకుక్క కాళిని అడిగాడు. తర్వాత అడవిపందితో పోరాడి ఆ కుక్క చనిపోతే దానికీ రాయి నాటించాడు. మైసూరు సీమలోని ఆతకూరు శిల ఈ కథంతా చెబుతుంది.

గాయం, పరువు

ఆ కాలపు సైనికుడికి పెద్ద భయం చావు కాదు, వీపు మీద గాయం. రొమ్మున తగిలిన దెబ్బ ఎదిరించినవాడి గుర్తు. వీపున తగిలింది పారిపోయినవాడి గుర్తు. ఈ విలువ ఎంత కఠినంగా ఉండేదో తెలుగువాళ్ళ కథల్లో కనిపిస్తుంది. 13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధికి మంత్రి, సేనాని అయిన ఖడ్గ తిక్కన కాటమరాజు పక్షంతో పసుల మేత విషయంగా వచ్చిన పోరులో ఓడి ఇంటికి తిరిగివచ్చాడని, భార్య అతని స్నానానికి చాటు కట్టి పసుపుముద్ద పెట్టి సిగ్గుపరిచిందని, అతను మళ్ళీ కదనానికి వెళ్ళి ప్రాణం విడిచాడని చెప్పుకుంటారు. ఇది జనం నోటి కథ. బతికి తిరిగివచ్చిన సైనికుడి మీద ఇంటి నుంచి, ఊరి నుంచి ఎంత ఒత్తిడి ఉండేదో అది దాచకుండా చెబుతుంది.

పల్నాటి కథలో బాలచంద్రుడు ఈ విలువకు నిండు రూపం. పెళ్ళయినా కాపురం ఎరగని వయసులో యుద్ధానికి వెళ్ళి కారెంపూడి కదనరంగంలో పడిన పడుచువాడుగా తెలుగువాళ్ళు అతన్ని తలుచుకుంటారు. కారెంపూడిలో పల్నాటి వీరులకు గుడి ఉంది. ఏటా కార్తీకంలో అక్కడ ఉత్సవాలు జరుగుతాయి. ఆయుధాలనే వీరులుగా భావించి పూజిస్తారు. శిల మీద చెక్కిన పేరు ఊరికి పరిమితమైతే, పాటగా పాడిన పేరు సీమలు దాటింది.

గాయపడి బతికినవాడికి వైద్యం లేకపోలేదు. ఒంట్లో విరిగిన బాణపు ములికిని ఎలా తీయాలి, ఏ దిక్కునుంచి లాగాలి, ఎముకలో దిగితే ఏంచేయాలి అన్నవి సుశ్రుత సంహితలో విడిగా చర్చించిన విషయాలు. శస్త్రచికిత్సకు ఆయుర్వేదంలో ఉన్న శల్యతంత్రమనే పేరు కూడా ఒంట్లో దిగిన ములికిని బట్టే వచ్చింది. కాని పోరు జరిగిన గుట్టల మధ్య నుంచి ఊరికి చేరడమే కష్టం. నెత్తురు ఎక్కువ పోయినా, గాయం చీము పట్టినా మనిషి దక్కేవాడు కాదు. వీరగల్లులు చనిపోయినవాళ్ళవే కాబట్టి, దెబ్బతిని అవిటివాళ్ళుగా ఏళ్ళ తరబడి బతికినవాళ్ళ కథలు రాతికెక్కలేదు. ఆ లోటును గుర్తుంచుకునే ఈ రాళ్ళను చదవాలి.

నెత్తుటికి బదులు నేల

వీరగల్లు నాటడంతో ఊరి బాధ్యత తీరేది కాదు. చనిపోయినవాడి కుటుంబానికి నేల ఇవ్వడం ఈ ఆచారంలో రెండో భాగం. కన్నడ శాసనాల్లో దీన్ని నెత్తరుగొడగె అన్నారు. తమిళంలో ఉదిరప్పట్టి. పేరు ఏదైనా నెత్తురు చిందించినవాడి పేర ఇచ్చిన భూమి అన్నదే సంగతి. సాధారణంగా అది చెరువు కింది మడి. తడి అందే నేల కాబట్టి ఏటా పంట వస్తుంది, పిల్లలు పెరిగేదాకా ఇల్లు నడుస్తుంది. ఆ భూమికి పన్ను ఉండేది కాదు. దాన్ని లాక్కున్నవాడికి పాపం తగులుతుందని శాపవాక్యం రాసేవాళ్ళు. కాశీలో గోవులను చంపిన పాపం అన్నది ఇలాంటి శాసనాల చివర తరచుగా వచ్చే మాట.

దీని వెనక లెక్క స్పష్టం. జీతమిచ్చి పెద్ద సేనను నిలబెట్టే స్తోమత చిన్నరాజుకు లేదు. ఊరి మనుషులే పోరుకు రావాలి. తాను పోతే ఇల్లాలు, పిల్లలు రోడ్డున పడతారనుకుంటే ఎవడూ రాడు. చావు తర్వాత భూమి దక్కుతుందన్న నమ్మకమే అతన్ని కదిలించింది. ఆ నమ్మకాన్ని నలుగురి కంటా పడేలా నిలబెట్టిన పత్రం ఈ రాయి. దారినపోయే ప్రతివాడూ దాన్ని చూస్తాడు కాబట్టి మాట తప్పడం కష్టం.

ఈ ఆచారానికి చీకటి వైపు కూడా ఉంది. కొన్ని వీరగల్లుల పక్కనే, కొన్నిసార్లు అదే రాతి మీద, గాజులు నిండిన చేతిని మోచేతి దగ్గర వంచి పైకెత్తిన గుర్తు కనిపిస్తుంది. భర్త చితిలో కాలిపోయిన భార్యకు అది గుర్తు. వీటిని మాస్తి రాళ్ళంటారు. వీరుడికి దక్కిన కీర్తి ఆమె ప్రాణం తీసుకుంది. పోరులో పడిన యువకుడి కథ చెప్పేటప్పుడు ఇంట్లో మిగిలిన చిన్నవయసు భార్య కథను వదిలేస్తే చరిత్ర సగమే అవుతుంది.

పాళెగాళ్ళ కాలం, కుంపిణీ కాలం

చోళుల ఒత్తిడితో, రాష్ట్రకూటుల పతనంతో పదో శతాబ్దం తర్వాత వైదుంబులు స్వతంత్రత పోగొట్టుకుని సామంతులుగా మిగిలారు. ఆ వంశపు ఆడబిడ్డ వినయమహాదేవి కళింగ గంగరాజు వజ్రహస్తునికి తల్లి అయింది. విజయనగర కాలం నాటికి ఈ సీమలో పాళెగాళ్ళు బలపడ్డారు. కోట కాపలాకు, ఊరి కాపలాకు, పిలిచినప్పుడు పోరుకు రావడానికి వాళ్ళ కింద కట్టుబడి బంట్లుండేవారు. వాళ్ళకు జీతం బదులు భూమి ఉండేది. వీరగల్లు కాలంలో చావు తర్వాత దక్కిన నేల ఇప్పుడు కొలువు కింద ముందే దక్కింది. కొత్త రాళ్ళు నాటడం మెల్లగా తగ్గింది.

18వ శతాబ్దంలో ఈ ప్రాంతమంతా హైదరాలీ, టిప్పూ, నిజాం, ఇంగ్లీషువారి మధ్య నలిగింది. హైదరాలీ 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో తన విడిదిలోనే చనిపోయాడు. మదనపల్లెకు ఉత్తరాన ఉన్న గుర్రంకొండ కోటను 1791లో నిజాం సేనలు, ఇంగ్లీషువారి ఈస్టిండియా కుంపిణీ సేనలు కలిసి ముట్టడించాయి. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి వదులుకున్నాక థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. పాళెగాళ్ళను అణచి, కట్టుబడి మాన్యాలను లెక్కల్లోకి తెచ్చాడు. దాంతో ఊరికీ సైనికుడికీ మధ్య ఉన్న పాత బంధం తెగింది. యువకుడు ఇక సైన్యంలో చేరాలంటే మద్రాసు పటాలానికి వెళ్ళాలి.

మద్రాసు పటాలంలో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 19వ శతాబ్దం చివర్లో యుద్ధజాతులనే వాదం పట్టుకుని ఇంగ్లీషు సేనాధిపతులు దక్షిణాదివాళ్ళను, ముఖ్యంగా తెలుగువాళ్ళను చేర్చుకోవడం తగ్గించారు. వెయ్యేళ్ళ వీరగల్లులున్న సీమ యువకులు పోరుకు పనికిరారని ఆ వాదం చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే మనుషులు చాలక అదే ప్రభుత్వం మళ్ళీ దక్షిణాది తలుపు తట్టింది.

పేరు లేని సైనికుడు

మొదటి ప్రపంచ యుద్ధంలో దాదాపు 13 లక్షల మంది భారతీయులు సముద్రాలు దాటి వెళ్ళారు. సుమారు 74,000 మంది తిరిగిరాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ సైనికులు తూర్పు ఆఫ్రికాలో, మెసొపొటేమియాలో పనిచేశారు. 61వ పయనీర్లు 1914 నవంబరులో టాంగా దగ్గర దిగిన సేనలో ఉన్నారు. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు సాపర్లు మెసొపొటేమియాలో వంతెనలు, బాటలు వేశారు.

ఆ యుద్ధంలో గాయపడిన భారతీయ సైనికుడి అవస్థకు మెసొపొటేమియాయే పెద్ద ఉదాహరణ. 1915 నవంబరులో టెసిఫాన్ యుద్ధం తర్వాత వేలాదిమంది క్షతగాత్రులను స్ప్రింగులు లేని బండ్ల మీద టైగ్రిస్ ఒడ్డుకు చేర్చి, అక్కడినుంచి పడవల మీద బస్రాకు పంపారు. పడవల్లో పడకలు లేవు, సరిపడా వైద్యులు లేరు. గాయాలు కట్టు మార్చకుండానే రోజుల తరబడి ఉండిపోయాయి. మలమూత్రాల మధ్యే మనుషులు పడివున్నారు. ఈ దుస్థితి మీద వచ్చిన ఆందోళనతో విచారణ సంఘాన్ని వేశారు. 1917లో వచ్చిన దాని నివేదిక అధికారుల నిర్లక్ష్యాన్ని గట్టిగా తప్పుపట్టింది.

చనిపోయినవాళ్ళ జ్ఞాపకం విషయంలో మరో అన్యాయం జరిగింది. మెసొపొటేమియాలో సమాధి తెలియని 40,000 మందికి పైగా సైనికుల కోసం బస్రాలో స్మారకం కట్టారు. బ్రిటిష్ సైనికులందరి పేర్లూ, భారతీయ అధికారుల పేర్లూ దాని మీద చెక్కారు. మామూలు భారతీయ సిపాయిల పేర్లు చెక్కలేదు. ఏ రెజిమెంటులో ఎంతమంది పోయారో అంకె మాత్రం వేశారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో ప్రకటించిన తన నివేదికలో ఇలాంటి వివక్షను ఒప్పుకుని విచారం తెలిపింది. తొమ్మిదో శతాబ్దపు వైదుంబుల పల్లె తన బంటు పేరును, అతని తండ్రి పేరును రాతి మీద నిలిపింది. ఇరవయ్యో శతాబ్దపు సామ్రాజ్యం అదే సిపాయిని అంకెగా మిగిల్చింది.

నేటి సైనికులు

స్వాతంత్ర్యం తర్వాత పాత చిత్తూరు జిల్లా నుంచీ, పక్కనున్న అనంతపురం, కడప జిల్లాల నుంచీ సైన్యంలోకి వెళ్ళే యువకుల సంఖ్య పెరిగింది. పల్లెటూళ్ళలో డిగ్రీ చదువుతూనే తెల్లవారుజామున రోడ్ల మీద పరుగు సాధన చేసే కుర్రవాళ్ళు ఈ సీమలో మామూలు దృశ్యం. చేనికి నీళ్ళు లేని ఇంటికి సైన్యం జీతం నమ్మకమైన ఆధారం. దేశం కోసం పనిచేస్తున్నానన్న గర్వం దానికి తోడవుతుంది.

ఐరాల మండలం రెడ్డివారిపల్లెకు చెందిన హవల్దార్ ప్రవీణ్‌కుమార్ రెడ్డి మద్రాసు రెజిమెంటు 18వ బెటాలియనులో పనిచేస్తూ 2020 నవంబరు 8న కశ్మీరులోని మాఛిల్ సెక్టారులో చొరబాటుదారులతో జరిగిన కాల్పుల్లో అమరుడయ్యాడు. కురబలకోట మండలం ఎగువరేగడ గ్రామానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ జనరల్ బిపిన్ రావత్ అంగరక్షకుడు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలినప్పుడు ఆయనతోపాటు కన్నుమూశాడు. డీఎన్‌ఏ పరీక్షతో గుర్తించాక గాని అతని భౌతికకాయం సొంత ఊరికి చేరలేదు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన మురళీ నాయక్ 2022లో అగ్నివీర్‌గా చేరాడు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో తీవ్రంగా గాయపడి మే 9న ప్రాణం విడిచాడు. మే 11న కల్లితండాలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ఈ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం రూ.50 లక్షల చొప్పున సాయం ప్రకటించింది. మురళీ నాయక్ కుటుంబానికి దాంతోపాటు ఐదెకరాల పొలం, 300 గజాల ఇంటిస్థలం, ఒకరికి ప్రభుత్వోద్యోగం ప్రకటించింది. ప్రాణమిచ్చినవాడి ఇంటికి నేల ఇవ్వడమన్న పాత కట్టుబాటు ఈ సీమలో వెయ్యేళ్ళ తర్వాత మళ్ళీ కనిపిస్తోంది. నాడు చెరువు కింది మడి, నేడు ఐదెకరాల పట్టా. పోయినవాణ్ణి తలుచుకోవడంతో పాటు మిగిలినవాళ్ళను పోషించడం కూడా సమాజం పనే అని రెండు కాలాలూ ఒప్పుకున్నాయి.

రాళ్ళను కాపాడుకోవడం

మద్రాసు ప్రెసిడెన్సీలో శాసనాల సేకరణ 1880ల చివర్లో శాసన పరిశోధకుడు హుల్ట్జ్ ఆధ్వర్యంలో క్రమపద్ధతిలో మొదలైంది. తర్వాత వెంకయ్య, కృష్ణశాస్త్రి వంటివారు ఊరూరా తిరిగి శాసనాలకు అచ్చులు తీయించారు. జయంతి రామయ్య పంతులు పరిష్కరించిన తెలుగు శాసనాల సంపుటం 1948లో వెలువడింది. వైదుంబుల చరిత్రకు ఈ సేకరణలే పునాది. కడప జిల్లా శాసనాల సంపుటాలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి తెచ్చారు.

అచ్చు దొరికినా రాయి క్షేమంగా ఉన్నట్టు కాదు. కొన్నిచోట్ల వీరగల్లులను గ్రామదేవతలుగా భావించి పసుపు కుంకుమలు పెడతారు. ఆ పూజే వాటిని ఇంతకాలం కాపాడింది. పూజ లేనిచోట రోడ్డు వెడల్పు పనుల్లో, చెరువుకట్ట మరమ్మతుల్లో, ఇళ్ళ పునాదుల్లో రాళ్ళు కలిసిపోతున్నాయి. నిధి ఉందని రాయి కింద తవ్వేవాళ్ళ వల్ల కూడా నష్టం జరుగుతోంది. పురాతన కట్టడాల రక్షణకు 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది. అయితే పొలం గట్టున ఒంటరిగా నిలబడ్డ రాయి ఆ చట్టం కింద రక్షిత జాబితాలో చేరడం అరుదు.

ఈ పని ఊరి స్థాయిలోనే మొదలుకావాలి. ఊళ్ళో ఉన్న ప్రతి వీరగల్లునూ ఫొటో తీసి, ఉన్న చోటును, అక్షరాలున్నాయా లేదా అన్నదాన్ని పంచాయతీ రికార్డుల్లో చేర్చవచ్చు. బడిపిల్లల చేత ఆ జాబితా తయారుచేయించవచ్చు. అక్షరాల మీద సున్నం, రంగు పడకుండా చూడవచ్చు. కదిలించక తప్పని రాళ్ళను ఊరి గుడి ఆవరణకో బడి ఆవరణకో చేర్చవచ్చు. పుస్తకాలకెక్కని ఎన్నో పేర్లు ఇంకా ఆ రాళ్ళ మీదనే ఉన్నాయి. ఏ రాయి పోతే ఆ సైనికుడి పేరు, అతను పడిన పోరు, అతని ఇంటికి ఇచ్చిన నేల మూడూ చరిత్ర నుంచి ఒకేసారి తొలగిపోతాయి.